అన్నీ కలిపిన బీచ్ రిసార్టు, లోపలే కాసినో: అమ్మానాన్నలను పంపాలా, వద్దా?

భవానీనగర్ అబ్బాయి
అందరికీ నమస్కారం. ఇంట్లో ఒక గొడవ నడుస్తా ఉంది. బయటివాళ్ల మాట కూడా విందామని ఇక్కడ పెడతా ఉండా.

మా అక్క డాలస్‌లో ఉంటుంది. అమ్మా నాన్నా విజిటర్ వీసా మీద మే నెలలో అక్కడికి పోయినారు. అక్క వాళ్లను డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటా కానాకు తీసుకుపోతానంటుంది. సముద్రం ఒడ్డున రిసార్టు. రూము, మూడు పూటలా తిండి, తాగేవి, రాత్రి ఆటపాటలు అన్నీ ఒకే ధరలో. లోపలే స్పా, లోపలే కాసినో. చేతికి ఒక పట్టీ కడతారంట, ఆ పట్టీ ఉంటే చాలు, ఎక్కడా జేబులో చెయ్యి పెట్టే పని లేదంట. ఖర్చు సగం అక్కది, సగం నాది.

అమ్మకు పోవాలని ఉంది. నాన్న ససేమిరా అంటున్నాడు. కారణం కాసినో. మా చిన్నాయన పేకాటలో మామిడితోట పోగొట్టుకున్నాడు. ఆయన్ను కాణిపాకం తీసుకుపోయి, కోనేట్లో మునిగించి, వినాయకుడి ముందర ప్రమాణం చేయించింది మా నాన్నే. "తమ్ముడి చేత ఒట్టు వేయించినవాణ్ణి, జూదం నడిపే ఇంట్లో పోయి పడుకుంటానా?" అని ఫోన్‌లోనే గట్టిగా అడిగినాడు.

నా సగం డబ్బు పంపాలా, వద్దా? సూటిగా చెప్పండి.

పుత్తూరు పెద్దాయన
మీ నాన్న మాటే సరి నాయనా. తిండి, మందు, జూదం మూడింటినీ ఒకే గేటు లోపల పెట్టినవాడు ఊరికే పెట్టలేదు. కడుపు నిండి, రెండు గ్లాసులు తాగి, నిద్ర పట్టనివాడు రాత్రి పదకొండుకు ఎక్కడికి పోతాడు? దీపాలు వెలుగుతున్న చోటికే పోతాడు.

మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపుతూ చట్టం చేసింది. ఫోన్లో రమ్మీ ఆడి అప్పుల పాలైన పిల్లలు మన పక్క వీధుల్లోనే ఉండారు. ఇక్కడ వద్దనుకున్నదాన్ని డాలర్లు పోసి అక్కడ చూడాల్నా? వాళ్లు తిరిగొచ్చినాక అదే డబ్బుతో కాశీకి పంపు.

డాలస్‌లో పీలేరు
అన్నా, మా అత్తామామల్ని తీసుకుని పుంటా కానా పోయొచ్చినవాణ్ణి కాబట్టి చెప్తా ఉండా. మేము దిగిన చోట కాసినో ఒక మూల హాలు. దాని పక్కగా పోకుండానే రూముకు, బీచికి, భోజనానికి పోవచ్చు. రమ్మని చెయ్యి పట్టి లాగినవాడు లేడు. మా మామ అటు తొంగి కూడా చూడలేదు.

అమ్మానాన్నలకు చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే డొమినికన్ వీసా వేరే అక్కర్లేదు. ప్రయాణానికి ముందు ఆ దేశం వాళ్లు అడిగే ఈ-టికెట్ అనే ఫారం (విమానం టికెట్ కాదు) ఆన్‌లైన్‌లో నింపాలి. అమెరికా కోసం తీసుకున్న ఇన్సూరెన్స్ మూడో దేశంలో పని చేస్తుందో లేదో పాలసీ తీసి చూడమనండి, చాలామంది అది మరిచిపోతారు.

శాకాహారుల తిండి గురించి అందరూ భయపెడతారు. పొద్దున బఫేలో మంగు అని ఉంటుంది. పచ్చి అరటికాయ ఉడకబెట్టి మెత్తగా మెదిపి, పైన పులుపు పట్టించిన ఎర్ర ఉల్లిపాయ వేస్తారు. పక్కన వేయించిన చీజు. మా అత్త దాంట్లో ఆవకాయ నంజుకుని రోజూ అదే తిన్నది. మధ్యాహ్నం అన్నం, బీన్స్ మాత్రం అడిగి తినాల. అన్నం కోడి రసంతో వండే అలవాటు ఉంది వాళ్లకు.

నాకున్న అభ్యంతరం కాలం గురించే. జూన్ నుంచి నవంబరు దాకా అక్కడ తుపానుల కాలం. దానికి తోడు సర్గాసమ్ అనే గోధుమరంగు సముద్రపు నాచు. 2011 నుంచి కరీబియన్ తీరాలకు కుప్పలు కుప్పలుగా కొట్టుకొస్తా ఉంది, వేసవిలో మరీ ఎక్కువ. ఒడ్డున కుళ్లితే కోడిగుడ్డు కుళ్లిన వాసన. ఫొటోలో నీలం నీళ్లు చూసి బుక్ చేసుకుని, పోయినాక ట్రాక్టర్లు నాచు ఎత్తిపోస్తా ఉంటే చూస్తా కూర్చోవాల్సి రావచ్చు. ఆ వారం ఒడ్డు ఎట్లుందో అక్కడున్నవాళ్లు పెట్టే తాజా ఫొటోలు చూసి, డబ్బు వెనక్కి వచ్చే టికెట్టే కొనమనండి అక్కను.

కాళహస్తి కలంకారి
అందరూ వాళ్ల నాన్న ఒట్టు గురించే మాట్లాడుతున్నారు. "అమ్మకు పోవాలని ఉంది" అని ఆ అబ్బాయి ఒక్క ముక్క రాశాడు. దాని గురించి ఎవరూ అడగలేదు. ఆమె ఎందుకు పోవాలనుకుంటోంది తమ్ముడూ?

భవానీనగర్ అబ్బాయి
చెప్తానక్కా. మేము చదువుకునేటప్పుడు అమ్మ ఆఫీసులకు క్యారేజీలు పంపేది. తెల్లారి నాలుక్కు పొయ్యి ముట్టిస్తే పదకొండుకు క్యారేజీలన్నీ కట్టి, అప్పుడు ఇంట్లోవాళ్లకు మళ్లీ వంట. ఇప్పుడు డాలస్‌లో కూడా వంట ఆమెదే, అక్కా బావా ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు.

హోటల్‌కు పోతే అమ్మ మెనూను కుడివైపు నుంచి చదువుతుంది. ముందు ధర, ఆ తర్వాత పేరు. వేలు ధరల మీదనే కిందికి జారుకుంటూ పోతుంది. ఎంత బతిమాలినా చివరికి "నాకు ఇడ్లీ చాల్లే" అంటుంది. అక్క ఈ రిసార్టు గురించి చెప్పినప్పుడు అమ్మ అడిగింది ఒకటే: "మెనూలో ధరలు ఉండవా?" ఉండవు అంటే, "అట్లయితే పోదాం" అనింది.

కాళహస్తి కలంకారి
ఇంకేం కావాలి మీకందరికీ? కాశీ, రామేశ్వరం అంటున్నారు. కాశీకి పోయినా సత్రం గదిలో కుక్కర్ పెట్టేది ఆమే. మన ఇళ్లలో ఆడవాళ్ల తీర్థయాత్ర అంటే వేరే ఊళ్లో వంట. వంట చేయక, బిల్లు చూడక నాలుగు పూటలు కూర్చుని తినాలన్న కోరికను జూదం ఖాతాలో కలిపేయకండి.

లెక్కల పంతులు, చిత్తూరు
ఈ రెండు వాదాల మధ్య ఉన్న ముడి మీద నాకు మాట ఉంది.

ఈ అన్నీ కలిపిన విడిదికి మూలం 1950. బెల్జియంకు చెందిన జెరార్ బ్లిట్జ్ స్పెయిన్ దీవి మయోర్కాలో క్లబ్ మెడ్ మొదలుపెట్టాడు. మొదట్లో గుడారాలే. తర్వాత అక్కడ బారులో డబ్బులు తీసుకోకుండా పూసలు వాడారు. డబ్బిచ్చి పూసలు కొని మెడలో వేసుకుని, తాగినప్పుడల్లా కొన్ని తీసి ఇవ్వడమే. ఆ పూస పోయి ఇప్పుడు చేతి పట్టీ వచ్చింది. కాసినోలో డబ్బుకు బదులు ఇచ్చే బిళ్ల, చిప్పు, అదీ ఆ జాతిదే. మూడూ చేసే పని ఒకటే, డబ్బును కంటికి కనపడకుండా చేయడం.

అయితే ఫలితం ఒకటి కాదు. పట్టీ విషయంలో ఎంత పోతుందో ముందే తేలిపోయింది. కట్టేసినారు, అంతకు మించి పోదు. ధరలు చూసి చూసి అలసిన మనిషికి అది నిజమైన విశ్రాంతి. చిప్పు విషయంలో ఎంత పోతుందో తేలదు, అక్కడ డబ్బు కనపడకపోవడమే ప్రమాదం. ఒకే గేటు లోపల ఈ రెండూ ఉన్నందువల్ల, పట్టీ అలవాటు చేసిన నిశ్చింతతోనే మనిషి చిప్పుల దగ్గరికి నడుస్తాడు. పుత్తూరు పెద్దాయన భయంలో నాకు నిజంగా కనపడింది ఇది.

ఇక రూలెట్ లెక్క. అంకెల గడులున్న చక్రం తిప్పి, బంతి ఏ గడిలో ఆగుతుందో పందెం కాసే కాసినో ఆట అది. రెండు సున్నాలున్న చక్రంలో 38 గడులు. ఒక అంకె మీద 1 రూపాయి పెట్టి గెలిస్తే లాభం 35 రూపాయలు. న్యాయంగా అయితే 37 రావాలి. ఆ తేడా వల్ల పెట్టిన ప్రతి 100కు సగటున 5.26 హాలు వాళ్లకు మిగులుతుంది. ఒకే సున్నా ఉన్న చక్రంలో 37 గడులు, అక్కడ 2.7. చాలామంది ఇక్కడే పొరబడతారు. 100 తీసుకుపోతే 5 పోతుందిలే అనుకుంటారు. అది సాయంత్రానికి 5 కాదు, తిప్పిన ప్రతిసారీ 5.26. గంటకు 40 సార్లు, సారికి 100 పెట్టినవాడు గంటలో 4000 పందెం కాసినట్టు. సగటున 210 ఆ గంటలోనే పోతుంది. గెలిచిన చిప్పులతోనే మళ్లీ ఆడతాడు కాబట్టి తాను పెట్టింది 4000 అని వాడికి తట్టదు. అదృష్టం, ఉపాయం ఈ లెక్కను కదల్చలేవు.

నా తీర్పు: పంపు. కానీ కాసినో లేని రిసార్టుకు.

నగరి మగ్గం
అంత దూరం ఎందుకు సార్, గోవా ఉంది కదా. గుంతకల్లులో అమరావతి ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే దూద్‌సాగర్ జలపాతం చూసుకుంటా దిగొచ్చు. రిసార్టులు, స్పాలు, కాసినోలు అన్నీ ఉన్నాయి.

ఎయిర్ బైపాస్ రోడ్డు
గోవాలో ఒడ్డు మీది అయిదు నక్షత్రాల హోటళ్లలో ఉండేవి యంత్రాల ఆటలే. బల్లల మీద ఆడేవి మాండవి నదిలో నిలిపిన ఓడల్లోనే. 1976 నాటి గోవా జూదం చట్టాన్ని 1992లో, 1996లో మార్చి అట్లా పెట్టినారు. 2025 సెప్టెంబరు నుంచి కాసినోల మీద జీఎస్టీ 40 శాతం. అయినా ఆ అబ్బాయి అడిగింది గోవా గురించి కాదు.

నేను ఇక్కడే తిరుపతిలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి గల్ఫ్ హోటళ్లలో, ఆ తర్వాత కరీబియన్ తిరిగే క్రూయిజ్ ఓడలో పని చేసినా. కాసినో సంగతి పక్కన పెట్టండి. నా అభ్యంతరం "అన్నీ కలిపి" అన్న మాట మీదనే.

అన్నీ కలవవు. స్పా కలవదు. మసాజ్‌కు వేరే డబ్బు, దాని మీద అక్కడ 18 శాతం పన్ను, 10 శాతం సర్వీసు. అభ్యంగనం కావాలంటే మన టీటీడీ ఆయుర్వేద ఆసుపత్రిలో శాస్త్రం తెలిసినవాళ్లు చేస్తారు. పైగా పెద్దవాళ్లకు బీపీ ఉంటే ఆవిరి గది, వేడినీళ్ల తొట్టి డాక్టరును అడగకుండా వద్దు.

రెండోది, టైమ్‌షేర్, అంటే ఏడాదికి కొన్ని రోజులు రిసార్టులో ఉండే హక్కును ముందే అమ్మడం. దిగిన మరుసటి రోజు పొద్దున్నే మంచిగా మాట్లాడేవాడొకడు వస్తాడు. "మా కొత్త బ్లాకు చూడండి, టిఫిన్ మాతో, గంటన్నర చాలు, స్పాకు ఉచిత కూపన్" అంటాడు. గంటన్నర మూడు గంటలు అవుతుంది. ఒకడు పోతే వాడి పైవాడు, వాడు పోతే ఇంకో పైవాడు, ప్రతివాడూ ధర తగ్గిస్తా ఉంటాడు. చివరికి ఏళ్ల తరబడి కట్టే కాగితం మీద సంతకం. మన ఊళ్లో పెట్రోలు బంకు దగ్గర లక్కీ డ్రా చీటీ రాయించుకుని, "భార్యాభర్తలిద్దరూ రావాలి" అని హోటల్‌కు పిలిపించేవాళ్లను చూశారు కదా, అదే తంతు. మీ నాన్నను కాసినో ఏమీ చేయలేదు, ఆయన జోలికి పోడు. ఈ టిఫిన్ ఆయన్ను పట్టుకుంటుంది, మర్యాదస్తుడు కాబట్టి మధ్యలో లేచి రాలేడు. దానికి మొదటి మాటే "వద్దు".

మూడోది నాకు బాధ కలిగించేది. గేటు బయట చిన్న భోజనశాలలు, పండ్లమ్మేవాళ్లు ఉంటారు. లోపల డబ్బు కట్టేసినవాడు బయటికి రాడు. వచ్చినా తినడు, ఎందుకంటే లోపలి తిండికి ఇప్పటికే కట్టినాడు. దేశం పోయి దేశం చూడకుండా వచ్చే పద్ధతి ఇది.

డాలస్‌లో పీలేరు
టైమ్‌షేర్ మాట నూటికి నూరు పాళ్లు నిజం. మూడోదానికి మాత్రం ఒప్పుకోను. 1960ల చివర రిసార్టు కట్టేవాళ్లు ఆ తీరంలో స్థలం కొనేనాటికి అక్కడ సరైన రోడ్డే లేదు, అంతా అడవి. విమానాశ్రయం కూడా ప్రైవేటు వాళ్లే కట్టుకున్నారు. 2023లో ఆ దేశానికి కోటి మందికి పైగా సందర్శకులు వచ్చినారు. మాకు రూము సర్దిన ఆమె ఇద్దరు పిల్లల్ని చదివిస్తా ఉంది ఆ జీతంతో. రిసార్టు లేకపోతే ఆమెకు ఏముంది?

ఎయిర్ బైపాస్ రోడ్డు
ఆమె జీతం ఎంతో అడిగినారా అన్నా? నేను ఆ పనే చేసినా. టిప్పు లేకపోతే ఇంటికి పంపడానికి మిగిలేది కాదు. పట్టీ కట్టుకున్న అతిథికి "అన్నీ కట్టేసినాం కదా" అని టిప్పు గుర్తుకే రాదు. ఉద్యోగం ఉంది, కాదనను. కోటి మంది వచ్చే చోట ఆ ఉద్యోగం ఇంకా మెరుగ్గా ఉండాలంటా ఉండా. పోయేవాళ్లు రోజూ దిండు మీద రెండు డాలర్లు పెట్టి రండి, కనీసం అంత చేయండి.

పుత్తూరు పెద్దాయన
పంతులుగారి లెక్క బాగుంది. నా మాట లెక్క గురించి కాదు. మనం ఆడకపోయినా, ఆడి పోగొట్టుకున్నవాడి డబ్బుతోనే కదా ఆ దీపాలు వెలిగేది, మన రూము ధర తగ్గేది? మీ నాన్న ఒట్టు వేయించిన మనిషి. ఆయనకు ఆ గోడల మధ్య కునుకు పట్టదు. ఇది చాదస్తం అనుకోకండి. మీ అమ్మ విశ్రాంతిని నేను కాదనలేదమ్మా కాళహస్తి, కాసినో లేని చోటైతే నాకే అభ్యంతరమూ లేదు.

భవానీనగర్ అబ్బాయి
అందరి మాటలూ నిన్న రాత్రి అక్కకు చదివి వినిపించినా. అదే తీరంలో కాసినో లేనిది ఒకటి చూసింది, ధరలో పెద్ద తేడా లేదు. నాన్న "గేటు లోపల ఎక్కడా లేదని వాళ్ల చేత రాయించి పంపు" అన్నాడు. అక్క రిసార్టుకు మెయిల్ పెట్టి జవాబు తెప్పించింది. నా సగం ఈ పొద్దే పంపినా.

ఒక్కటి మిగిలింది. నీళ్లలో దిగాలంటే ఈత బట్టలే వేసుకోవాలా అని అమ్మ అడుగుతా ఉంది. చెన్నై మెరీనాలో అలల ఉధృతికి భయపడి మేమెప్పుడూ ఆమెను దిగనీలేదు.

డాలస్‌లో పీలేరు
సముద్రంలో ఎవరూ అడగరు తమ్ముడూ, మా అత్త చుడీదార్‌తోనే దిగింది. స్విమ్మింగ్ పూల్‌లో మాత్రం నూలు బట్టలు ఒప్పుకోని చోట్లు ఉంటాయి. పొడుగు చేతులు, కాళ్లదాకా ఉండే ఈత బట్టలు డాలస్‌లోనే దొరుకుతాయి, అక్కను కొనమను. ఎర్రజెండా ఎగిరేసిన రోజు మటుకు దిగనీయకండి. నాన్నకు ఒక ఫుల్ ప్యాంటు, బూట్లు పెట్టమను, రాత్రి భోజనం హోటళ్లలో కొన్నింటికి నిక్కరుతో, చెప్పులతో రానీయరు.