పీ0401 కోడ్ పోవడం లేదు: ఈజీఆర్ వాల్వ్ మార్చాల్సిందేనా?

ప్రశ్న:
డీజిల్ కారు, వాక్యూమ్‌తో తెరుచుకునే ఈజీఆర్ వాల్వ్ (సైలెన్సర్ వైపు వెళ్లే పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది). చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, స్కానర్‌లో పీ0401. ఐడిలింగ్ బాగుంది, నల్లపొగ లేదు. వాల్వ్ విప్పి మసి గీకి బిగించినా కోడ్ మళ్లీ వచ్చింది. కొత్తది కొనే ముందు ఇంకేం చూడాలి?

జవాబు 1:
అప్పుడే కొనకండి. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అడిగినంత పొగ లోపలికి రావడం లేదనే ఆ కోడ్ చెబుతుంది, వాల్వ్ పాడైందని కాదు. చాలా డీజిళ్లలో ఈ లెక్క ఎయిర్‌ఫ్లో సెన్సర్ ద్వారా జరుగుతుంది: వాల్వ్ తెరుచుకుంటే ఆ మేరకు బయటి గాలి తగ్గాలి.

ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి, స్కానర్ లైవ్ డేటాలో గాలి రీడింగ్ చూడండి. వాల్వ్ వాక్యూమ్ పైపు తీసి, చేతి వాక్యూమ్ పంపుతో 15 అంగుళాల పాదరసం వరకు లాగి అర నిమిషం ఆగండి. ముల్లు పడిపోతే డయాఫ్రం (వాల్వ్‌లోని రబ్బరు పొర) చిరిగింది, అప్పుడే వాల్వ్ మార్చాలి. ముల్లు నిలబడి, రాడ్ కదిలి, గాలి కూడా తగ్గితే వాల్వ్, పొగ దారి రెండూ బాగున్నట్టే. రాడ్ కదిలినా గాలి తగ్గకపోతే దారి మూసుకుపోయి ఉండాలి, లేదా ఎయిర్‌ఫ్లో సెన్సరే తప్పు చెబుతూ ఉండాలి. పెట్రోల్ ఇంజిన్ అయితే ఈ పరీక్షలో వణికి ఆగిపోతుంది. డీజిల్‌లో అంత తేడా వినపడదు, అందుకే రీడింగ్ చూడమన్నది.

జవాబు 2:
వాల్వ్ ఒక్కటే గీకితే సగం పనే. ఇంజిన్ బ్రీదర్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి, పొగమసి కలిసేది ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) మొదట్లో; గట్టిపడి దారి సన్నబడేదీ అక్కడే. పైపు విప్పి టార్చి వేసి చూడండి. ఇంజిన్ ఆపి, భాగం బయటికి తీసి గీకాలి. నడుస్తున్న డీజిల్ ఇన్‌టేక్‌లోకి క్లీనర్ స్ప్రే కొట్టొద్దు: అది ఇంధనంలా మండి ఆర్‌పీఎం అదుపు తప్పొచ్చు. గ్యాస్కెట్ కొత్తదే వేయండి.

కూలెంట్ తగ్గుతూ బయట ఎక్కడా లీకు కనిపించకపోతే ఈజీఆర్ కూలర్‌ని (ఆ పొగను కూలెంట్‌తో చల్లబరిచేదాన్ని) అనుమానించండి. మసి ఉండాల్సిన చోట కడిగినట్టు శుభ్రంగా ఉందంటే లోపల నీరు కారుతోందనే.

జవాబు 3:
ఈజీఆర్ దారిని రేకు పెట్టి మూసేయమనే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. నైట్రోజన్ ఆక్సైడ్లు పెరగడం అటుంచి, మూసేస్తే వచ్చే కోడ్ కూడా పీ0401నే!

ప్రశ్న అడిగినవారు:
వాక్యూమ్ నిలబడింది, గాలి కూడా బాగా తగ్గింది.

జవాబు 1:
అయితే లోపం వాల్వ్‌కి ముందే. సోలినాయిడ్‌కి (కరెంటుతో పనిచేసి వాల్వ్‌కి వాక్యూమ్ వదిలేదానికి) వచ్చే పైపులో గేజ్ పెట్టండి. ఐడిల్‌లో 20 అంగుళాలు దాటాలి. రాకపోతే పగిలిన పైపు, తర్వాత వాక్యూమ్ పంపు. వస్తుంటే స్కానర్‌తో ఈజీఆర్ తెరవమని ఆదేశించి, సోలినాయిడ్ నుంచి వాల్వ్‌కి వెళ్లే పైపులో కొలవండి. అక్కడ రాకపోతే కనెక్టర్‌లో కరెంటు చూసి, అది బాగుంటే సోలినాయిడ్ మార్చండి. కోడ్ చెరిపాక వెంటనే లైటు రాలేదని నమ్మకండి, ఆ పరీక్ష బండి వేడెక్కి రోడ్డు మీద నడిస్తేనే మళ్లీ జరుగుతుంది.