సెక్రెటిన్ పనిలో కాల్షియం పాత్ర ఎంత?

సెక్రెటిన్ అనే పేగు హార్మోన్ తగిలితే పైత్యరస నాళ కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరుగుతుంది, సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ చానెల్ తెరుచుకుని క్లోరైడ్ బయటికి పోతుంది, ఆ క్లోరైడ్‌ని లోపలికి తీసుకుంటూ ఏఈ2 అనే మార్పిడి ప్రోటీన్ బైకార్బనేట్‌ని నాళంలోకి వదులుతుంది. ఇంతవరకూ అర్థమైంది. 2007 తర్వాతి పేపర్లు చదివాకే తికమక మొదలైంది. సీఎఫ్‌టీఆర్ వల్ల ఏటీపీ నాళంలోకి వచ్చి, అక్కడ ఏటీపీని గుర్తించే పీ2వై గ్రాహకాలను తట్టి, కణంలోని నిల్వల నుంచి కాల్షియాన్ని వదిలే మూడో రకం ఐపీ3 గ్రాహకాల ద్వారా కాల్షియాన్ని పెంచుతుందట, స్రావాన్ని నడిపేది అదేనట! మరి సీఎఫ్‌టీఆర్ గుండా పోయే క్లోరైడ్‌కి పనేముంది? కాల్షియంతో తెరుచుకునే క్లోరైడ్ చానెల్ టీఎంఈఎం16ఏ ఒక్కటే సరిపోతుందా?

ఎలుక నాళపు ముక్కల్లో అపైరేజ్ అనే ఎంజైమ్‌తో ఏటీపీని తీసేస్తే ఈ రెండు దారులూ నిజంగా విడిపోతాయా, లేక బాప్టా అనే కాల్షియం బంధకంతో కాల్షియాన్ని కూడా కట్టేయాలా? ఈ ప్రయోగం చేసినవాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్.