ఏడో తరగతి పిల్లలకు ఇతర సంస్కృతుల కథలు

ప్రశ్న (ఉపాధ్యాయిని, మలక్‌పేట):
మా తరగతిలో తెలుగు, ఉర్దూ, మరాఠీ ఇళ్ల పిల్లలు పక్కపక్కనే కూర్చుంటున్నా, ఒకరి పండుగ గురించి మరొకరికి దాదాపు ఏమీ తెలియదు. నీతి బోధించినట్లు కాకుండా, ఎదుటివారి బాధ వారి మనసుకు తాకేలా ఏ కథతో మొదలుపెట్టాలో దయచేసి చెప్పగలరు.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లకుంట):
ప్రేమ్‌చంద్ ‘ఈద్‌గాహ్’తో మొదలుపెట్టండమ్మా. తోటి పిల్లలు బొమ్మలు, మిఠాయిలు కొనుక్కుంటుంటే, చేతిలో మూడు పైసలే ఉన్న హమీద్, రొట్టెలు కాల్చేటప్పుడు నానమ్మ వేళ్లు కాలుతున్నాయని తలచుకొని ఆమెకు పట్టకారు కొంటాడు. నేను కథను అంగడి దగ్గరే ఆపి, మీరైతే ఏం కొంటారో రాయమనేవాణ్ని. ఆ కాగితాలన్నీ చదివాకే ముగింపు చెప్పేవాణ్ని. మీర్ ఆలం ఈద్‌గాహ్‌కు వెళ్లే పిల్లలుంటే, పండుగ వర్ణన వారికే వదిలేయండి.

జవాబు (ఒక తల్లి, తార్నాక):
మంచి సూచనండి. అయితే ఒక్క కథతో ఆపితే ఆ సమాజమంతా పేదరికమేనని పిల్లలు అనుకోవచ్చు, కాబట్టి పండుగ సంబరం గురించిన కథ కూడా జోడించండి. దూరదేశపు కథ కూడా మనసుకు తాకుతుంది: 1945లో హిరోషిమాపై బాంబు పడిన పదేళ్లకు, పన్నెండేళ్ల వయసులో ల్యుకేమియాతో మరణించిన సడాకో ససాకి గురించి, జబ్బు నయం కావాలని కోరుకుంటూ ఆమె మడిచిన కాగితపు కొంగల గురించి మా అమ్మాయికి చెప్పాను. తన ఈడు పిల్ల కావడంతో చాలాసేపు మౌనంగా ఉండి, ఆమె స్నేహితులు తరువాత ఏం చేశారని అడిగింది. వారు పట్టుబట్టి విరాళాలు సేకరించగా 1958లో అక్కడ స్మారకం వెలిసింది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. సోమవారం కథను అంగడి దగ్గరే ఆపుతాను.