ఎండీ అనస్థీషియా తరువాత పెయిన్ క్లినిక్: ఎవరైనా పెట్టారా?

మూడో_ఏడు_పీజీ: ఎండీ అయిపోవస్తోంది. నొప్పి వైద్యంలో ఫెలోషిప్ చేసి రాజమండ్రిలో క్లినిక్ పెట్టాలని ఉంది. సీ-ఆర్మ్ (సూది ఎటు వెళ్తోందో తెరమీద చూపే ఎక్స్-రే యంత్రం) కొనాలా, ఏదైనా ఆసుపత్రిలో వాడుకోవచ్చా? రోగులను ఎవరు పంపుతారు?

అర్ధరాత్రి_ఫోను: పెట్టేయండి. నర్సింగ్ హోములు తిరిగే మా బతుకు చూస్తున్నారుగా! సిజేరియన్ అంటూ నిద్రలేపి మరీ పిలుస్తారు, డబ్బు దగ్గరికొచ్చేసరికి ‘వచ్చే నెల చూద్దాం సార్’. మత్తు ఇచ్చింది ఎవరో రోగికి తెలియనే తెలియదు.

ఇద్దరు_పిల్లల_తల్లి: నాకు బాగా తెలుసు. వెన్నులో సూది పొడిచారు, అప్పటినుంచి నడుము వంగడం లేదు. ముందు దాని సంగతి చెప్పండి, క్లినిక్కులు తరువాత.

పాత_బోయిల్: అమ్మా, ఈ పనిలో జుట్టు నెరిసినవాణ్ణి, వినండి. ఆ సూది చాలా సన్నం. దానివల్ల రాగలిగేది తలనొప్పి. లేచి కూర్చుంటే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది, సాధారణంగా మొదటి కొద్ది రోజుల్లోనే బయటపడుతుంది. మొండికేస్తే రోగి రక్తమే కాస్త తీసి ఎపిడ్యూరల్ చోట, అంటే వెన్నుపాము పొరకు బయట, ఎక్కిస్తాం. ఏళ్ల తరబడి ఉండే నడుము నొప్పిని సూదికి అంటగట్టకండి. మత్తు లేకుండా కన్నవారికీ వస్తుంది. గర్భంలో సడలిన కీళ్లు, వంగి పాలివ్వడం, బిడ్డను ఎత్తుకోవడం... కారణాలు ఇవీ.

ఇద్దరు_పిల్లల_తల్లి: అంటే తప్పు నాదేనన్నమాట! సంతకం పెట్టించుకున్నప్పుడు ఆ తలనొప్పి మాటైనా చెప్పారా మీవాళ్లు?

పాత_బోయిల్: తప్పని ఎవరన్నారు?

అర్ధరాత్రి_ఫోను: సార్, ఆవిడ అడిగింది న్యాయమే. థియేటర్ బల్ల మీద పడుకోబెట్టాక చెప్పేది చెప్పడం కాదు.

ఎముకల_డాక్టర్: ఎవరి నడుము చూసినా స్టీరాయిడ్ సూది వేసేవాళ్లే పెయిన్ స్పెషలిస్టులా? ఎక్స్-రే చదవడం రానివాళ్లు సీ-ఆర్మ్ కొంటారట.

పాత_బోయిల్: ఈ శాస్త్రానికి పునాది వేసిన అమెరికా వైద్యుడు జాన్ బొనికా అనస్థీషియా డాక్టరే! చదువు ఖర్చుకు కుస్తీలు పట్టాడు, ఆ దెబ్బల నొప్పి జీవితాంతం మోశాడు. 1953లోనే నొప్పి మీద ఉద్గ్రంథం రాశాడు. ఎముకలవాళ్లు, నరాలవాళ్లు, మానసిక వైద్యులు ఒకచోట కూర్చోవాలన్నదీ ఆయనే.

చరిత్ర_పిచ్చి: అమెరికా ఎందుకు, మన హైదరాబాద్ ఉండగా! 1888, 1889లో క్లోరోఫాం మత్తుతో ప్రాణముప్పు ఎలా వస్తుందో పరీక్షించిన కమిషన్లు పనిచేసింది ఇక్కడే, నిజాం ఖర్చుతో. ఇక్కడే మత్తు ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలో తొలి మహిళా అనస్థీషియా డాక్టర్ అంటారు.

ఎముకల_డాక్టర్: క్లోరోఫాంతో ముప్పు ఊపిరికే, గుండెకు కాదని తేల్చిన కమిషనే కదా? అది తప్పని తరువాత తేలింది. గొప్పలు చాలు.

చరిత్ర_పిచ్చి: తప్పు ఆ కమిషన్లను నడిపించిన డాక్టర్ లారీ దొరది. రూపాబాయిని ఎందుకు లాగుతారు?

పల్లె_వైద్యం: మార్ఫిన్ గురించి ఒక్కరూ మాట్లాడరేం? 2014లో మాదకద్రవ్యాల మీది ఎన్‌డీపీఎస్ చట్టం సడలించినా మా దగ్గర క్యాన్సర్ రోగికి బిళ్ల కావాలంటే హైదరాబాద్ వెళ్లవలసిందే. ముందు దానికి అనుమతి తెచ్చుకోండి, సీ-ఆర్మ్ తరువాత.

మదనపల్లె_కోడలు: మా అత్తగారికి సర్పి మానింది, మంట మానలేదు. చీర అంచు తగిలినా అరుస్తున్నారు. పారాసిటమాల్ పనిచేయడం లేదు.

పాత_బోయిల్: అది నరాల నొప్పి, పారాసిటమాల్‌కు లొంగదు. మందులు వేరే ఉన్నాయి, తిరుపతిలో చూపించండి. ఈలోగా ఎవరో చెప్పారని గాబాపెంటిన్ కొని వేయకండి. ఆ వయసులో కళ్లు తిరిగి పడితే తుంటి విరుగుతుంది.

ఎముకల_డాక్టర్: విరిగితే నా దగ్గరికే పంపుతారుగా.