కణద్రవమా, కణద్రవ్యమా?

ప్రశ్న (శ్రీకాకుళం): "కణత్వచమునకు లోపల, కేంద్రకమునకు వెలుపల నుండునది కణ..." అంటూ మా జీవశాస్త్రం మాస్టారు వల్లె వేయించిన వాక్యం చివర "ద్రవము" అన్నట్టే నా చెవిలో నిలిచింది. మా అమ్మాయి పుస్తకంలో "కణద్రవ్యం" అని ఉంది. ఆ వాక్యం పూర్తిగా గుర్తున్నవారు తక్కిన భాగం చెప్పగలరా?

వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, విజయనగరం: ఆ యవత్తు ఉండి తీరాలి. ద్రవం పదార్థానికి ఒక స్థితి మాత్రమే, ద్రవ్యమంటే పదార్థమే. కణద్రవ్యంలో సుమారు 70 శాతం నీరున్నా, ప్రోటీన్ తంతువుల అల్లిక, రైబోజోములు, మైటోకాండ్రియాలు కూడా అందులోనివే. కణాంగాలను మినహాయిస్తే మిగిలే భాగం సైటోసాల్. గ్లూకోజు అణువు రెండు పైరువేటు అణువులుగా విడిపోయేది అక్కడే. "ద్రవం" అన్న మాట చెల్లితే ఆ భాగానికే చెల్లాలి.

సంస్కృత పండితులు, బొబ్బిలి: అమ్మా, మీ మాటకు షడ్దర్శనాలలో ఒకటైన వైశేషికమే సాక్ష్యం. వారి తొమ్మిది ద్రవ్యాలలో నీటితో పాటు ఆకాశం, కాలం, మనస్సు కూడా ఉన్నాయి. గుణక్రియలకు ఆశ్రయమైనదే ద్రవ్యం. పాణిని "ద్రవ్యం చ భవ్యే" అన్న సూత్రంలో చెట్టు అనే అర్థం గల "ద్రు" శబ్దం నుంచి ఈ మాటను సాధించాడు. పారే ద్రవంతో దీనికి చుట్టరికం లేదు.

పాలకొండ సభ్యుడు: పండితులవారు మన్నించాలి, ఆ సూత్రం యోగ్యమైన దాన్ని చెప్పే సందర్భానిది, పదార్థమనే అర్థానికి దానిని చాచలేం. పరుగెత్తడమనే అర్థం గల "ద్రు" ధాతువునుంచి వ్యుత్పత్తి చెప్పేవారూ ఉన్నారు. కణంలో జరిగేదీ పరుగే: ఇటలీకి చెందిన కోర్తి 1774లోనే నీటిమొక్క కణాలలో ఆ ప్రవాహాన్ని గమనించాడు. మన చెరువుల్లో దొరికే హైడ్రిల్లా ఆకును సూక్ష్మదర్శిని కింద పెడితే, హరితరేణువులు కణకవచం వెంట వరుసగా సాగిపోవడం ఈనాటికీ చూడవచ్చు.

అధ్యాపకురాలు: ఆ ప్రవాహాన్ని నేను కాదనను. అయితే 2014లో వెలువడిన ఒక పరిశోధన, బాక్టీరియా జీవక్రియలు చురుకుగా ఉన్నంతసేపే దాని కణద్రవ్యం ద్రవంలా ప్రవర్తిస్తుందనీ, అవి అణగినప్పుడు గాజు లక్షణాలు పొందుతుందనీ చూపింది. స్థితి మారినా నిలిచే పేరే శాస్త్రానికి కావాలి.

టెక్కలి సభ్యుడు: గిడుగు రామమూర్తి పంతులు పుట్టిన జిల్లాలో వాడుకను పక్కన పెట్టలేం, పిల్లలు "కణద్రవం" అనే పలుకుతున్నారు.

ప్రశ్నకర్త: మా మాస్టారి నోట వచ్చినది "జీవపదార్థము" కావచ్చునా?

అధ్యాపకురాలు: కాదండీ. జీవపదార్థం కేంద్రకాన్ని కూడా కలుపుకొనే మాట కనుక, "కేంద్రకమునకు వెలుపల" అన్నాక అది అక్కడ పొసగదు.