"దిమాగ్ ఉన్నది సార్, పెడ్తలేడు"

హనుమకొండలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. పేరెంట్స్ మీటింగ్‌లో ఎక్కువగా వినే మాట ఇది: "మావోనికి దిమాగ్ ఉన్నది సార్, పెడ్తలేడు." నాకు ఈ మాటంటే గౌరవం. ఉండటం వేరు, పెట్టడం వేరు అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. మార్కుల మెమో ఆ తేడా చెప్పదు. పిల్లవాడు లెక్క రాక వదిలేశాడా, చేయబుద్ధి కాక వదిలేశాడా అన్నది అందులో కనపడదు. ఉర్దూలో దిమాగ్ 'లగానా' అంటారు, మనం 'పెట్టు' అంటున్నాం. ఈ 'పెట్టు' ఎలాంటిదంటారు?

జవాబు: సార్, ఇది పైసలు పెట్టడంలో ఉన్న 'పెట్టు' అనుకుంటున్నాను. "పత్తికి ఎంత పెట్టినవ్?" అంటాం కదా, అదే. నేను సైకాలజీ చదివాను. ఆ శాస్త్రం కూడా దీన్ని ఖర్చులాగే కొలుస్తుంది. 2013లో వెస్ట్‌బ్రుక్, కెస్టర్, బ్రేవర్ అనే పరిశోధకులు ఒక పద్ధతి తెచ్చారు. తెర మీద ఒక్కొక్కటిగా వచ్చేవాటిని చూస్తూ, ఇప్పుడు వచ్చింది ఇన్ని అడుగుల వెనక వచ్చిందేనా అని చెప్పాలి. ఒక అడుగు వెనక్కి గుర్తుపెట్టుకోవడం తేలిక. మూడు, నాలుగు అడుగులంటే తల వేడెక్కుతుంది. రెండు రకాలూ చేయించాక బేరం పెడతారు: కష్టమైనదానికి ఎక్కువ డబ్బు, తేలికైనదానికి తక్కువ. ఏదైనా ఒకటే అనిపించేదాకా తేలికదాని రేటు మారుస్తూ పోతారు. కష్టం తప్పించుకోవడానికి మనిషి ఎంత డబ్బు వదులుకుంటాడో అక్కడ తేలుతుంది. అది మనిషి మనిషికీ మారుతుంది.

ఇంకొకరు: "మనసు పెడ్తలేడు" అని కూడా అంటాం కదా అక్కా. రెండూ ఒకటేనా?

జవాబు: నా చెవికి ఒకటి కాదు. మనసు ఇష్టానికి, దిమాగ్ శ్రమకు. 1982లో కాసియోప్పో, పెటీ అనే సైకాలజిస్టులు 34 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు, 1984లో దాన్ని 18 వాక్యాలకు తగ్గించారు. ఆలోచించడం నీకు నచ్చుతుందా, చిక్కు సమస్యలు కావాలనిపిస్తుందా అని అది మనిషినే అడుగుతుంది. అంటే మనసు సంగతి. బేరం పద్ధతి చేసే ఎంపికను చూస్తుంది. అయితే 2013 అధ్యయనంలో ఈ రెండూ కొంత కలిశాయి: ఆలోచన ఇష్టమన్నవాళ్లు కష్టం తప్పించుకోవడానికి తక్కువే వదులుకున్నారు.

అడిగినవారు: చాలా సంతోషం అమ్మా. క్లాసులో రెండు లెక్కలిచ్చి, కష్టమైనదానికి ఎక్కువ మార్కులు పెట్టి ఎంచుకోమంటే?

జవాబు: చేయొచ్చు సార్, కానీ ఒక జాగ్రత్త. తప్పు చేస్తే మార్కులు పోతాయన్న టెన్షన్ ఉంటే మీరు కొలిచేది భయాన్ని. ఆ అధ్యయనంలో డబ్బు ఇచ్చింది సరైన జవాబులకు కాదు, ప్రయత్నం వదలకుండా చేసినందుకు. మీరూ పూర్తిగా ప్రయత్నించినవాళ్లకు మార్కులివ్వండి, జవాబు తప్పినా సరే. ఆ మాట పిల్లలకు ముందే చెప్పండి.