డిసెంబరులో చెన్నై కచేరీలకి అమ్మతో వెళ్తున్నాం, సలహా చెప్పండి

కృష్ణలంక_అబ్బాయి:
డిసెంబరు 24 నుంచి నాలుగు రోజులు అమ్మని చెన్నై కచేరీలకి తీసుకెళ్తున్నా. ఆవిడకి ఎన్నాళ్లనుంచో ఉన్న కోరిక. మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు. ఏ సభలు (కచేరీలు పెట్టే సంస్థలు) బాగుంటాయి? టికెట్లు ముందే కొనాలా? గది మైలాపూర్‌లోనా, టీనగర్‌లోనా?

నెల్లూరు_పద్మ:
టికెట్ల గురించి టెన్షన్ వద్దు. చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలు ఉచితం, కొత్తవాళ్లు పాడతారు. పోయినేడు ఒకచోట శ్రోతలం పదకొండు మందిమి, ఇరవై ఏళ్ల పిల్ల తోడి రాగం అందుకుంటే ఒళ్లు గగుర్పొడిచింది. భోజనం మాత్రం సభ కాంటీన్‌లోనే చేయండి, కాశీ హల్వా వదలొద్దు. తని ఆవర్తనం, అదే పాట ఆగి మృదంగం లాంటి తాళవాద్యాలే మోగే భాగం, మొదలవగానే లేస్తే కాంటీన్‌లో ఆకు ముందు చోటు దొరుకుతుంది.

లయ_గుంటూరు:
ఆ చివరి మాట తీసేయండి పద్మగారూ. నేను మృదంగం వాయిస్తా. తొప్పికి (మృదంగం ఎడమ మొహానికి) రవ్వ ముద్ద అద్ది, శ్రుతి చూసుకుని, రెండు గంటలు పాట వెనకే నడిచాక మాకంటూ దొరికేది ఆ పది పదిహేను నిమిషాలు. తలెత్తి చూస్తే వీపులే కనిపిస్తాయి. ఎంత కష్టంగా ఉంటుందో మీకు తెలీదు.

నెల్లూరు_పద్మ:
నాకు షుగరండీ. వేళకి తినకపోతే కళ్లు తిరుగుతాయి. అది మిమ్మల్ని అవమానించడం ఎలా అవుతుంది?

లయ_గుంటూరు:
షుగరున్నవాళ్లు పదిమంది, లేచేది సగం హాలు. మీరు తప్పకుండా తినండి, కానీ అందరికీ అదే సలహా ఇవ్వకండి.

రసికుడు_35:
ముప్పై అయిదేళ్లలో ఒక్క సీజన్ కూడా మానలేదు కాబట్టి చెప్తున్నా, అసలు బాధ ఇది కాదు. మన త్యాగయ్య సాహిత్యాన్ని అక్కడ చాలామంది ముక్కలు చేస్తున్నారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం. పుస్తకాల్లో పక్కన 2, 3, 4 అంకెలు వేసి తేడా చూపిస్తారు. ఆ అంకె పట్టించుకోకపోతే ‘ధనం’ కాస్తా ‘దనం’ అయి కూర్చుంటుంది.

టీనగర్_తెలుగు:
మాది మూడు తరాలుగా చెన్నై. నాకు తెలుగు చదవడం ఇరవై దాటాక వచ్చింది, అంతవరకూ ఆ అంకెలతోనే నేర్చుకున్నా. మా టీచరుది తమిళం, ఒక్కో మాటకి అర్థం చెప్పనిదే పల్లవి దాటనిచ్చేది కాదు. 1928లో పెట్టిన మ్యూజిక్ అకాడమీ ఇప్పటికీ ఏటా ఉత్సవం నడుపుతోంది. మన ఊళ్లలో డిసెంబరంతా రోజూ నిండే హాళ్లు ఎన్ని, సార్?

రసికుడు_35:
హాళ్లు నిండితే ఉచ్చారణ బాగుపడదు.

టీనగర్_తెలుగు:
ఇంట్లో కూర్చుని తప్పులెంచితే అసలే బాగుపడదు. వచ్చి నాలుగు ముక్కలు నేర్పండి.

కాకినాడ_వాణి:
ఇక ఆపండి ఇద్దరూ. బాబూ, ధనుర్మాసంలో తెల్లవారుజామున కపాలీశ్వరుడి గుడి మాడ వీధుల్లో భజన తిరుగుతుంది, వాగ్గేయకారుడు పాపనాశం శివన్ గారు నడిపించిన సంప్రదాయం. గుమ్మం పక్కన నిలబడి వినొచ్చు, మెట్లెక్కే పని లేదు. నాట్యం ఇష్టమైతే తిరువాన్మియూర్‌లో కళాక్షేత్ర అనే నాట్య సంస్థ ఉత్సవం కూడా డిసెంబరు చివర్లోనే.

కృష్ణలంక_అబ్బాయి:
పినాకిని రైలుకి టికెట్లు తీశా. అమ్మ ఇదంతా చదివించుకుని, తని అయ్యేదాకా కదలనంది. గది సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

లయ_గుంటూరు:
మైలాపూర్‌లోనే తీసుకోండి, లిఫ్టుందో లేదో ఫోన్లో అడిగి మరీ. అమ్మగారిని హాల్లో ఎడమవైపు ముందు వరసల్లో కూర్చోబెట్టండి. మృదంగం అటే ఉంటుంది, కుడిచేతి వేళ్లు బాగా కనిపిస్తాయి.